వంతెన కింద రెండు డబ్బాలు

గతవారం లాండ్రీ అక్కను వంతెన కింద నడుం వంచి, చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బాతో వదిలేశాం. ఇంకాసేపు ఆమెను అలా వంచి ఉంచడం న్యాయం కాదు. కథ ఇప్పుడే అందుకున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

అక్కకు ఒక్కతే చెల్లెలు. నాలుగేళ్ళ కిందట చెల్లెలు ఒకతన్ని పెళ్ళి చేసుకుంటానంటే అక్క వద్దంది. మాటా మాటా పెరిగింది. "నా కోటు రేపొచ్చి తీసుకుంటాలే" అని దుకాణం మెట్లు దిగిన పిల్ల మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. ఫోను నంబరు మారింది, ఉన్న ఊరు మారింది. అక్కకు మిగిలినవి రెండే. ఉతికి, ఇస్త్రీ చేసి, కవరు తొడిగి వెనక గదిలో వేలాడదీసిన బూడిదరంగు కోటు ఒకటి. చెల్లెలు వదిలివెళ్ళిన ఆట ఇంకొకటి.

ఆ ఆటను జియోకాషింగ్ అంటారు. ఎక్కడో ఒక చిన్న డబ్బా దాచి, అది ఉన్న చోటును అంకెల్లో వెబ్‌సైటులో పెడతారు. ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు డబ్బాలోని కాగితం మీద సంతకం చేసి, దాన్ని తీసిన చోటే, తీసినట్టే పెట్టి, సైటులో "దొరికింది" అనో "దొరకలేదు" అనో రాస్తారు. చెల్లెలు "తొండ" అన్న పేరుతో ఏటి మీది ఇనుప వంతెన దగ్గర ఒక డబ్బా దాచింది. ఆ పేజీలో తొండ పేరు నొక్కితే ఆమె సైటుకు చివరిసారి వచ్చిన తేదీ కనబడుతుంది. అప్పుడప్పుడు ఆ తేదీ మారుతుంది. దుకాణం తలుపు తీయగానే అక్క మొదట చూసేది దాన్నే. తేదీ మారిందంటే చెల్లెలు ఎక్కడో ఒకచోట అన్నం తిని, నిద్రపోయి, లేచి తిరుగుతోందన్నమాట.

ఇప్పుడు ఆ పేజీకే గండం వచ్చింది. ఈ మధ్య వచ్చినవాళ్ళందరూ "దొరకలేదు" అనే రాశారు. పేజీ నెత్తిన "మరమ్మతు కావాలి" అని ఎర్ర గుర్తు పడింది. సైటు తరఫున పేజీలు చూసుకునే "కాపరి" అనే ఆయన, యజమాని స్వయంగా వచ్చి డబ్బా సరిచేయకపోతే శనివారం సాయంత్రం పేజీ ఎత్తేస్తానని రాశాడు. ఒకసారి ఎత్తేసిన పేజీ తిరిగి రాదు. డబ్బా లేనినాడు తొండకు సైటుతో పనిలేదు. ఆ తేదీ ఇక మారదు.

అంతలో ఒకరు "దొరికింది" అని రాశారు. అక్కకు ప్రాణం లేచొచ్చి, పరుగున వంతెన కిందికి వెళ్ళింది. రాతి గోడ సందులో డబ్బా దొరికింది. కానీ అది చెల్లెలి డబ్బా కాదు. చెల్లెలిది దారపు ఉండలు దాచుకునే పాత రేకు డబ్బా. ఇది నీలం మూత ప్లాస్టిక్ డబ్బా, అంగడి వాసన ఇంకా పోలేదు. లోపలి కాగితం మీద ఒక్కటే సంతకం. అది సంతకం కూడా కాదు, ఒక చెప్పు బొమ్మ.

ఆ బొమ్మ గీసేవాడు ఊరు మొత్తానికి ఒక్కడే.

*

శుక్రవారం పొద్దున బాబాయ్ ఎప్పటిలాగే రెండు చొక్కాలు చంకలో పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. వరస కలిసే చుట్టం కాదు గానీ, అక్కకు ఈ ఆట నేర్పింది ఆయనే కాబట్టి బాబాయ్ అయ్యాడు. మొదటి డబ్బా వెతికిన రోజున బురదలో ఒక చెప్పు పోగొట్టుకుని ఒంటి చెప్పుతో ఇంటికి చేరాడట. అప్పటినుంచి సైటులో ఆయన పేరు "పాత చెప్పు".

అక్క టీ అడగలేదు. ప్లాస్టిక్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేమిటి బాబాయ్?"

ఆయన డబ్బా వంక చూశాడు, ఆవిరి కక్కుతున్న ఇస్త్రీ పెట్టె వంక చూశాడు, మళ్ళీ డబ్బా వంక చూశాడు. "డబ్బా. వంతెన కిందది కదూ. తీసిన చోటే పెట్టాలని నీకు చెప్పానా లేదా? ఊళ్ళోకి ఎందుకు మోసుకొచ్చావు?"

"మీరు చెప్పినవన్నీ గుర్తున్నాయి. తీసిన చోటే పెట్టాలన్నారు. చోటు బయటపడేలా ఫోటోలు పెట్టకూడదన్నారు. ఏదైనా తీసుకుంటే దానికి తగింది ఇంకోటి పెట్టాలన్నారు. ఇంకోటి కూడా అన్నారు, అదేమిటో మీరే చెప్పండి."

"ఏదీ?"

"దొరకనప్పుడు ఏం చెయ్యాలి?"

బాబాయ్ చొక్కాలు బల్ల మీద పెట్టి, వాటి కాలర్లు సవరించడం మొదలుపెట్టాడు. ఉతకడానికి తెచ్చిన చొక్కాల కాలర్లు.

"దొరకలేదని రాయాలి," అన్నాడు చివరికి.

"ఇంకా?"

"మన సొంత డబ్బా తెచ్చి అక్కడ పడేసి, దొరికిందని రాసుకోకూడదు."

"మరి మీరేం చేశారు?"

అప్పుడే గంట మోగి పళ్ళ డాక్టరు లోపలికి వచ్చింది, తెల్లకోట్ల కోసం. ఇద్దరి మొహాలూ చూసి, "ఏమైంది, ఎవరికన్నా నొప్పా?" అంది.

"ఈయన అబద్ధమాడారండీ," అంది అక్క, కోట్లు కొక్కెం నుంచి తీస్తూ.

"లోతుగా ఉందా?"

"వేళ్ళూనింది."

"అయితే పీకడమే మంచిది," అని డాక్టరు కోట్లు తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక కూడా బాబాయ్ చెయ్యి దవడ మీదే ఉంది.

"అది కాదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "వెళ్ళినప్పుడల్లా వెతికాను. మోకాళ్ళు నొప్పెట్టేదాకా వెతికాను. ఉంటే నాకు దొరక్కుండా పోతుందా? ఎవడో తెలియనివాడు చెత్తనుకుని తీసి పారేసి ఉంటాడు. ఇటు చూస్తే నువ్వు పొద్దున లేస్తే ఆ ఫోనే. ఎండిపోయావు. ఒక్క 'దొరికింది' పడితే ఆ కాపరి మెత్తబడతాడేమో అనుకున్నా. పేజీ నిలబడుతుందేమో అని."

"నిలబడిందా?"

"లేదు. యజమాని రావాల్సిందేనన్నాడు."

"మీరు పడేసిన డబ్బా వల్ల ఏమవుతుందో ఆలోచించారా? రేపు వచ్చేవాళ్ళు ఇదే అసలుదనుకుని సంతకం పెట్టి పోతారు. అసలుదాన్ని ఇక ఎవరూ వెతకరు. అది అక్కడే ఉన్నా లేనట్టే." అక్క గొంతు పెద్దది చేయలేదు. పెద్దది చేసినా బాగుండేదనిపించింది బాబాయ్‌కి. "మనిషి కనబడ్డం మానేస్తే, ఇంకో మనిషిని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఇదిగో వచ్చేసింది అంటారా బాబాయ్?"

ఆయన జేబులోంచి ఫోను తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక వేలితో చాలాసేపు పొడిచాడు. తరవాత ఫోను ఆమె వైపు తిప్పి చూపించాడు. ఆయన రాసిన "దొరికింది" పోయింది.

"తీసేశాను. మొన్ననే వెయ్యోది అయిందని మా ఇంట్లో కాలరెగరేశాను. ఇప్పుడు మళ్ళీ తొమ్మిదివందల తొంభైతొమ్మిది."

"వెయ్యోది అబద్ధం కావడం కంటే అదే నయం."

"నయమే. మీ పిన్నికి నువ్వే చెప్పు."

అక్కకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆగిపోయినా బాబాయ్ చూశాడు. చూసి ఊపిరి వదిలాడు. "పద," అన్నాడు, "ఇద్దరం వెళదాం. ఈసారి నేను నోరు మూసుకుంటా. నీకు తోచిన చోట నువ్వు వెతుకు. ఆ పిల్ల నీ చెల్లెలు, నా చెల్లెలు కాదుగా."

*

వంతెన దుకాణానికి ఎంతో దూరం లేదు. రోడ్డు మీదుగా ఒక దారి, ఏటి గట్టు వెంట మెట్ల మీదుగా ఇంకో దారి. వాళ్ళు మెట్ల దారి పట్టారు.

కింద నిలబడి అక్క పేజీలోని సూచన మళ్ళీ చదివింది. "తొండకు ఎండంటే ఇష్టం." అంతే రాసింది చెల్లెలు. పొద్దుటి ఎండ వంతెన కిందికి పూర్తిగా రాదు. అంచున ఉన్న ఒక్క దూలం మీద మాత్రం చారలా పడుతుంది. చిన్నప్పుడు బడికి రమ్మంటే గోడెక్కి ఎండలో కూర్చునేది ఆ పిల్ల. అమ్మ బెత్తం పట్టుకుని గోడ కింద, పిల్ల గోడ మీద. ఆ తొండ పేరు పెట్టింది అక్కే.

"ఆ దూలం చూశారా బాబాయ్?"

"అంగుళం వదల్లేదు. టార్చి వేసి మరీ చూశా. పోయినేడు రంగు వేశారుగా, మెరుస్తోంది. పచ్చ రంగు తప్ప ఏమీ లేదు."

అక్క చెయ్యి పైకెత్తింది. అంతలో వెనకనుంచి, "ఏమైనా పోయిందా అండీ?" అన్న గొంతు వినబడింది. కుక్కను తిప్పడానికి వచ్చిన ఒకాయన ఆగి చూస్తున్నాడు.

ఆట తెలియని ఇలాంటివాళ్ళను బాబాయ్ "దారినపోయే దానయ్యలు" అంటాడు. వాళ్ళు చూస్తుండగా డబ్బా ముట్టుకోకూడదు. తరవాత వచ్చి ఏమిటోనని తీసి పారేస్తారు. అందుకని ఈ ఆట ఆడేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో అబద్ధం సిద్ధంగా పెట్టుకుంటారు. బాబాయ్ అబద్ధం ఎప్పుడూ ఒకటే.

"ఉంగరమండీ," అన్నాడు.

"అయ్యయ్యో. పెళ్ళిదా?"

"ఆ."

"మా ఆవిడది కూడా ఇలాగే ఏట్లో పోయింది. ఇప్పటికీ దెప్పుతుంది." ఆ పెద్దమనిషి కుక్క తాడు రాయికి కట్టి, ప్యాంటు మడిచి, గులకరాళ్ళ మధ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఎక్కడ నిలబడ్డప్పుడు జారింది? సరిగ్గా గుర్తు తెచ్చుకోండి."

బాబాయ్ తల గోక్కుంటూ ఒక చోటు చూపించాడు. ఆయన వెతుకుతూనే ఉన్నాడు. అంత మంచివాడు ఆ పూట రాకపోయినా బాగుండేది. కుక్క కూడా తవ్వడం మొదలుపెట్టింది. చివరికి అక్క అటు తిరిగి, తన వేలికున్న అమ్మ ఉంగరం తీసి, "దొరికిందండీ, దొరికింది" అని అరచేతిలో చూపించింది.

"హమ్మయ్య," అన్నాడాయన, తనదే దొరికినంత సంబరంగా. "ఇక జాగ్రత్తగా ఉంచుకోండి. మీరిద్దరూ చల్లగా ఉండాలి."

"ఈయన మా బాబాయండీ," అంది అక్క.

ఆయన ఒక్క క్షణం తికమకపడి, కుక్కను విప్పుకుని వెళ్ళిపోయాడు. ఆయన మెట్లెక్కి కనుమరుగయ్యేదాకా ఇద్దరూ బుద్ధిగా ఏటి నీళ్ళు చూస్తూ నిలబడ్డారు.

"వేరే అబద్ధం చూసుకోండి బాబాయ్."

"చూసుకోవాలి," అన్నాడు.

అక్క మళ్ళీ చెయ్యెత్తింది. ఈసారి కళ్ళు మూసుకుంది. ఉతికే ముందు ప్రతి బట్ట జేబులో చెయ్యి పెట్టి చూడటం ఆమె పని. పైనుంచి చూస్తే ఏ జేబైనా ఖాళీగానే ఉంటుంది. చేత్తో తడిమితేనే కదా పిన్నీసో, చిల్లరో, మందుబిళ్ళో తగిలేది. దూలం మీద వరసగా బోల్టు తలలున్నాయి. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, అన్నీ గట్టిగా, చల్లగా. వాటి మధ్య ఒకచోట వేలికి అంచు తగిలింది. బోల్టుకు అంచు ఉండదు. వేలు ముడిచి తట్టింది. బోలుగా మోగింది.

"బాబాయ్."

"ఏమిటి?"

"రంగు వేసినవాళ్ళు దీనికి కూడా వేసేశారు."

బాబాయ్ మునివేళ్ళ మీద లేచి, టార్చి వేసి, మొహం దూలానికి ఆనించి చూశాడు. అయస్కాంతంతో దూలానికి అతుక్కున్న రేకు డబ్బా. దూలంతో పాటే దాని మీద కూడా కుంచె నడిచింది. పచ్చటి దూలం మీద పచ్చటి గడ్డలా, పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టు ఉంది. వచ్చినవాళ్ళందరూ దాన్ని చూసే ఉంటారు. చూసి, వంతెనలో ఒక భాగమే అనుకుని వెళ్ళిపోయారు.

"నా కళ్ళ ఎదురుగానే ఉందన్నమాట," అన్నాడు బాబాయ్ నీరసంగా. "బస్సులో టికెట్టు కొనకుండా కూర్చున్నవాణ్ణి మెడ తిప్పకుండా పట్టేసేవాణ్ణి. ఇది పట్టలేకపోయా."

కుట్లు విప్పే చిన్న కత్తితో అక్క మూత చుట్టూ రంగు కోసింది. మూత బెట్టు చేసి, తరవాత టప్‌మని వచ్చింది. లోపల పొడిగా ఉంది. రంగు వేశాక ఇన్ని వానలు గడిచినా లోపల చుక్క తడి లేదు. రంగు పూతే దానికి గొడుగయింది. చుట్టిపెట్టిన కాగితం, ఒక గాజుగోళీ, బడి చొక్కా గుండీ ఒకటి, పెన్సిలు ముక్క. అన్నీ చెల్లెలు పెట్టినవి పెట్టినట్టే.

అక్క అక్కడే రాయి మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ భుజాల మీద ఏదో మూట మోస్తున్నదల్లా దించినట్టయింది.

"సంతకం పెట్టు," అన్నాడు బాబాయ్. ఆమె పెట్టాక తనూ కాగితం అందుకుని ఒక చెప్పు గీశాడు. "ఇప్పుడు నిజంగా వెయ్యి. తొమ్మిదివందల తొంభైతొమ్మిదితో ఎంతోసేపు ఉండాల్సి రాలేదులే."

అక్క సంచిలోంచి చిన్న పర్సు, అందులోంచి ఒక రేకు బిళ్ళ తీసింది. ఆమె లాండ్రీలో ప్రతి బట్టకూ రెండు బిళ్ళలుంటాయి. రెంటి మీదా ఒకటే అంకె. ఒకటి బట్టకు గుచ్చుతారు, ఒకటి మనిషి చేతికిస్తారు. ఆ రోజు చెల్లెలు కోపంలో తన బిళ్ళ బల్ల మీదే వదిలేసి వెళ్ళింది. కోటుకు గుచ్చిన బిళ్ళ కోటుకే ఉంది. ఈ రెండోది అక్క పర్సులో ఉంది.

"దీన్ని పెట్టొచ్చా బాబాయ్? దీనికి బదులు ఏమీ తీసుకోను."

"తీసుకోకుండా పెట్టేవాళ్ళను ఏ నియమమూ ఆపదు," అన్నాడాయన.

బిళ్ళ గోళీ పక్కన పెట్టి, మూత వేసి, డబ్బాను ఉన్నచోటే అతికించింది. ప్లాస్టిక్ డబ్బాను బాబాయ్ జేబులో కుక్కుకున్నాడు.

సైటులో ఏం రాయాలో మెట్లెక్కుతూ తేల్చుకున్నారు. "రంగు మాట రాయకు," అన్నాడు బాబాయ్, "వెతికేవాళ్ళ సరదా చంపినదానివవుతావు. కాపరికి విడిగా చెబుదాం." అక్క మూడే మాటలు రాసింది. "దొరికింది. పొడిగా ఉంది."

కాపరి జవాబు సాయంత్రానికి వచ్చింది. చాలా మర్యాదగా రాశాడు. "డబ్బా ఉన్నందుకు సంతోషం. మీ శ్రమకు కృతజ్ఞతలు. కానీ ఇతరులు చేసే సాయం యజమాని బాధ్యతకు బదులు కాదు. యజమాని పలకాలి. శనివారం మాట శనివారమే."

"రాతిగుండె మనిషి," అంది అక్క.

"నేను అలాంటి డిపో మేనేజరు కింద ముప్పయ్యేళ్ళు చేశా," అన్నాడు బాబాయ్. "అంత కఠినంగా ఉన్నందుకే బళ్ళు టైముకి నడిచేవి."

*

శనివారం లాండ్రీలో తీరిక ఉండదు. హోటలు దుప్పట్లు వస్తాయి, పెళ్ళిబట్టలు వెళతాయి. అక్క ఒక చేత్తో ఇస్త్రీ, ఒక కన్ను ఫోను మీద. పొద్దున చూస్తే తొండ తేదీ మారి ఉంది. ఈ రోజుదే. చెల్లెలు చదివింది. చదివి ఏమీ రాయలేదు. మధ్యాహ్నం మళ్ళీ చూసింది. ఏమీ లేదు. ఒక తెల్ల చొక్కా చేతి మీద ఇస్త్రీ పెట్టె కాస్త ఎక్కువసేపు నిలిపి, పసుపు మచ్చ వేసింది. ఆ దుకాణంలో అలా జరగడం అదే మొదలు.

పేజీలో ఏ మార్పు వచ్చినా తనకు తెలిసేలా పెట్టుకుంది అక్క. పొద్దు వాలబోతుండగా ఫోను మోగింది.

తొండ రాసింది. "యజమాని మరమ్మతు" అన్న గుర్తు కింద మూడు వాక్యాలు. "డబ్బా చూశాను. దాని మీది రంగు గీకి, కొత్త కాగితం పెట్టాను. ఆలస్యానికి అందరూ మన్నించాలి."

ఎర్ర గుర్తు పోయింది. అక్క చూస్తుండగానే దాని కింద ఇంకో వరస పడింది. కాపరిది. "సంతోషం. పేజీ ఉంటుంది."

అక్క ఇస్త్రీ పెట్టె ఆపింది. మాసిన దుప్పట్ల మూట మీద కూర్చుండిపోయింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు. గట్టిగా ఒక ఆవలింత వచ్చింది, ఎన్నో రాత్రుల నిద్ర ఒక్కసారి గుర్తొచ్చినట్టు. ఆపైన నవ్వు వచ్చింది. ఒక్కతే కూర్చుని మాసిన గుడ్డల మీద నవ్వింది.

బాబాయ్ రొప్పుతూ లోపలికొచ్చాడు. "చూశావా?"

"చూశా. బతికించారు."

"అది కాదే పిచ్చిదానా. ఏం రాసిందో చదివావా?"

"చదివాను. చూశాను అంది, గీకాను అంది..."

"ఎక్కడుండి గీకుతుంది? ఇంట్లో కూర్చుని గీకుతుందా? యజమాని వెళ్ళి చేత్తో ముట్టుకోకుండా ఆ మాట పెట్టకూడదు. నాలాంటివాడు పెడతాడేమో గానీ, తొండ పెట్టదు." ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఊళ్ళోకి వచ్చిందమ్మా."

అక్క లేచింది. తలుపుకు వేలాడే పలక తిప్పింది. "మూసి ఉంది" అన్న వైపు బయటికి వచ్చింది. తాళం వేసింది. మెట్ల దారే దగ్గర కాబట్టి మెట్ల దారినే దిగారు. బాబాయ్ మోకాళ్ళు ఆ పూట నొప్పి మరిచిపోయాయి.

వంతెన కింద ఎవరూ లేరు. గులకరాళ్ళ మీద పచ్చటి రంగు పెళ్ళలు రాలి ఉన్నాయి. దూలం మీద డబ్బా ఉంది. ఇప్పుడు అది బోల్టులా లేదు, డబ్బాలా ఉంది. అక్క మూత తీసింది. కొత్త కాగితం. గోళీ ఉంది, గుండీ ఉంది, పెన్సిలు ముక్క ఉంది. రేకు బిళ్ళ లేదు. బిళ్ళ ఉన్న చోట ఒక చిన్న ఊలు మేజోడు మడిచి ఉంది.

"తీసుకుంటే తగింది పెట్టాలి," అన్నాడు బాబాయ్ మెల్లగా. "నియమం తప్పలేదు. కానీ ఇదేమిటి, బొమ్మదా?"

అక్క దాన్ని విప్పి, చెయ్యి లోపల పెట్టి చూసింది. బట్ట ఆమెకు అబద్ధం చెప్పదు. మడమ దగ్గర ఊలు పల్చబడింది. నడవని బిడ్డ మేజోడు మడమ దగ్గర అరగదు. వేళ్ళ దగ్గర ఒంపు ఇంకా సర్దుకోలేదు. ఉతికి పెట్టింది కాదు. ఇందాక, ఇక్కడే, ఒక కాలినుంచి లాగింది.

"నడిచే బిడ్డది బాబాయ్," అంది. "నాకు..." ఆ మాట పూర్తి చేయలేదు. మేజోడును గుప్పిట్లో పట్టుకుంది. నాలుగేళ్ళలో ఒక మనిషి పుట్టి, నడక నేర్చి, మేజోళ్ళు అరగదీసేంత ఎదిగింది. తనకు తెలియకుండానే.

"ఒకటే పెట్టిందేం?" అన్నాడు బాబాయ్. "రెండోది?"

"రెండోది కాలికే ఉంటుంది." అక్క చటుక్కున తలెత్తింది. "బాబాయ్, బిళ్ళ తీసుకున్న మనిషి ఎక్కడికి వెళుతుంది?"

"ఎక్కడికి?"

"కోటు దగ్గరికి. మనం మెట్లు దిగాం. తను రోడ్డు దారిన వెళ్ళింది. నేనేమో మూసి ఉందని పలక తిప్పి వచ్చాను."

డబ్బా మూసి, ఉన్నచోట అతికించేంత ఓపిక ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. కానీ సరిగ్గానే అతికించింది. తరవాత పరుగెత్తింది. నవ్వుతూ పరుగెత్తిందో, ఏడుస్తూ పరుగెత్తిందో వెనక వస్తున్న బాబాయ్ చెప్పలేడు.

వీధి మలుపు తిరిగేసరికి దుకాణం కనబడింది. మెట్ల మీద ఎవరూ లేరు. కానీ ఎదురుగా బస్టాపులో ఒక మనిషి, వీపు ఇటు తిప్పి, చంకలో బిడ్డతో నిలబడి ఉంది. బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆమె ఒక కాలు ఎత్తి పావంచా మీద పెట్టింది.

అక్క పిలవబోయింది. నాలుగేళ్ళుగా నోటితో పలకని పేరది. ఊపిరి తప్ప మాట రాలేదు.

బాబాయ్ ఆమెను దాటుకుని రోడ్డు మధ్యకు నడిచాడు. పరుగెత్తలేదు, తీరిగ్గా నడిచాడు. బస్సు ముక్కు ముందు నిలబడి, ఒక డ్రైవరు ఇంకో డ్రైవరుకు ఎత్తినట్టు అరచెయ్యి ఎత్తాడు. కదలబోయిన బండి కీచుమని ఆగింది. అద్దం వెనక ఉన్న డ్రైవరు ఆయన్ను గుర్తుపట్టి, ఇంజను ఆపేశాడు.

వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో అక్క పిలిచింది.

"తొండా," అంది.

పావంచా మీది మనిషి కదలలేదు. ఆమె చంకలోని బిడ్డ మాత్రం భుజం మీదనుంచి తల తిప్పి చూసి, ఒక బోసికాలు ఊపింది.

ఆ తల్లి ఇంకా వెనక్కి తిరగలేదు.